ఆరు కవర్లు, ఒక తాళంచెవి

జూన్ ఆరు, శుక్రవారం. ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకి నా మేనకోడలు తన ఫోను తెచ్చి నా కళ్లజోడు ముందు పెట్టింది. మేము క్రిప్టో దాచుకునే ఎక్స్ఛేంజీ వాళ్ల యాప్ అది. ఎర్ర పట్టీ మీద ఒక నోటీసు. భద్రతా కారణాల వల్ల సొమ్ము బయటికి తీసుకునే సౌకర్యం తాత్కాలికంగా ఆపామని, ఖాతాదారుల సొమ్ము క్షేమంగా ఉందని, సహకరించాలని రాసి ఉంది.

"అత్తా, ఇదేటి? నా డబ్బులు కనబడతన్నాయి. తీద్దామంటే రానియ్యట్లేదు."

'తాత్కాలికంగా' అన్న మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఆ మాట నేను ఒకసారి జూట్ మిల్లు గేటు మీద చదివాను. రాజాంలో ఇరవై ఏడేళ్లు మిల్లు టైమాఫీసులో గుమాస్తాగా పనిచేశాను. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, ఎవరికి ఎంత రావాలి అన్నది నా పుస్తకం చెప్పేది. ఒక సోమవారం వెళ్లేసరికి గేటుకి గొలుసు, గొలుసు పక్కన మైదా పిండితో అంటించిన కాగితం. నలభై మూడు రోజుల జీతం, రెండేళ్ల బోనసు గేటు లోపల ఉండిపోయాయి. ఎవరికి ఎంత రావాలో పైసలతో సహా నాకు తెలుసు. బయట నిలబడ్డ మనిషికి ఒక్క రూపాయి తెచ్చి ఇవ్వలేను. లెక్క నా చేతిలో ఉంది, సొమ్ము వాళ్ల చేతిలో ఉంది. వాళ్ల తాత్కాలికం పదకొండు నెలల ఆరు రోజులు సాగింది. ఆ లోపల నా గాజులు నాలుగూ అమ్మేశాను.

అందుకని ఆ శుక్రవారం నాకు భయం వెయ్యలేదు, ఒళ్లు మండింది.

నా మేనకోడలికి బస్టాండు దగ్గర జెరాక్సు, నెట్ సెంటరు ఉంది. అద్దె గది, మెట్ల కింద, మనిషి నిలబడితే తల తగులుతుంది. రెండేళ్లుగా వారానికి పదిహేను వందలు చొప్పున క్రిప్టోలో వేసింది. నూట పన్నెండు వారాలు, లక్షా అరవై ఎనిమిది వేలు. ఎందుకంటే రోడ్డు మీదకి ముఖం ఉన్న ఒక గది ఖాళీ అవుతోంది, దాని యజమాని లక్షన్నర అడ్వాన్సు అడిగాడు, జూన్ పదిహేను దాకా గడువిచ్చాడు. ఆ గది వస్తే రెండో మిషను పెట్టొచ్చు, తల వంచకుండా పనిచేసుకోవచ్చు. ఆమెకి కావలసింది అంతే.

నేను ఇందులోకి ఎలా వచ్చానంటే, లెక్క రాసిపెట్టమని ఆమే అడిగింది. తెలియని సరుకుకి నేను లెక్క రాయను. తెలుసుకోవడానికి వారానికి అయిదు వందలు నేనూ వేశాను. నెట్ సెంటరుకి వచ్చే మరో అయిదుగురు ఆడవాళ్లు మమ్మల్ని చూసి మొదలుపెట్టారు. కొందరు కొని ఊరుకునేవారు, కొందరు ఇవాళ కొని రేపు అమ్మేవారు. మా ఏడుగురినీ ఆ ఎక్స్ఛేంజీలో చేర్పించింది మా మరిది కొడుకు. సెల్‌ఫోన్ల దుకాణం వాడిది. నోటీసు వచ్చిన రోజే వాడి దుకాణానికి వెళ్లాను.

"పెద్దమ్మా, ఊరికే గాబరా పడిపోతన్నావు. పెద్ద కంపెనీ అది. మిషన్లు బాగుసేసుకుంతన్నారు. నాల్రోజుల్లో తీసేత్తారు."

"నాల్రోజులని ఎవరు సెప్పారు? కాగితం ఉన్నదా?"

"కాగితం ఏటి పెద్దమ్మా ఈ రోజుల్లో..."

"మా ఏడుగురినీ సేర్పించినందుకు నీకు ఎంతొచ్చినాది?"

వాడు ఫోను కవర్లు సర్దడం మొదలుపెట్టాడు. "అదేదో... మనిషికి రెండొందలు ఇస్తారు."

"పద్నాలుగొందలు," అని రాసుకున్నాను.

"ఈ వయసులో నీకివన్నీ ఎందుకు పెద్దమ్మా? రామతీర్థం ఎల్లి కొండెక్కి దణ్ణం పెట్టుకో. పున్నెం వస్తాది."

"కొండా ఎక్కుతాను. కానీ కింద సెప్పులు ఇడిసినప్పుడు టోకెను తీసుకునే ఎక్కుతాను. లక్షా అరవై ఎనిమిది వేలకి నువ్విచ్చిన టోకెను ఏటో సూపించు."

దుకాణంలో ఉన్న ఇద్దరు నవ్వారు. వాడు నవ్వలేదు.

ఎక్స్ఛేంజీ వాళ్లు పంతొమ్మిది రోజులు గేటు మూశారు. నా మేనకోడలు ముప్ఫై ఒక్కసార్లు ఫిర్యాదు రాసింది. ముప్ఫై ఒక్కసార్లూ యాప్‌లో జవాబులిచ్చే మరమనిషి ఒకే జవాబు ఇచ్చింది. జూన్ పదహారున ఆ గది కోడిమాంసం దుకాణానికి వెళ్లిపోయింది. ఇరవై అయిదున గేటు తెరిచారు. సొమ్ము మొత్తం ఉంది, ఒక్క పైసా పోలేదు. గది పోయింది. ఆ పోయినదాన్ని ఏ గడిలో రాయాలో ఇన్నేళ్ల గుమాస్తాగిరీలో నేను నేర్చుకోలేదు.

గేటు తెరిచాక నా మేనకోడలు సొమ్ము కదపనంది. "తెరిసీసినారు కదా అత్తా. ఇంక మూయరు."

"తెరిసినారు, సంతోషం. ఆ గేటు ఎవరిది?"

"వాళ్లదే."

"మరి రేపు మూత్తే ఎవర్ని అడుగుతావు?"

అదే గదుల వరసలో చివరన ఇంకో గది ఉంది. అందులో ఉన్న గాజుల దుకాణం వినాయక చవితి తరవాత ఖాళీ చేస్తుందని యజమాని చెప్పాడు. సెప్టెంబరు పదో తారీఖున డబ్బు తెస్తే ఇస్తానన్నాడు. అప్పటికి సొమ్ము ఆమె చేతికి అందేలా ఉండాలి. ఆ ఒక్క పని నేను పట్టుకున్నాను.

జులై అంతా నేర్చుకున్నాం. ఇంగ్లీషు ఆమె చదివేది, లెక్క నేను వేసేదాన్ని. నాకు అర్థమైనది చెప్తాను. కంపెనీ ఎక్స్ఛేంజీలో మనం కొన్న నాణేలు కంపెనీ సంచిలోనే ఉంటాయి. మనకి ఇంత ఉందని వాళ్లు వాళ్ల పుస్తకంలో రాసుకుంటారు. వాళ్ల పుస్తకం, వాళ్ల కలం. డీసెంట్రలైజ్డ్ ఎక్స్ఛేంజీ అనే రెండో రకంలో మధ్యన సంచి పట్టుకునే కంపెనీ ఉండదు. ఒక నాణెం ఇచ్చి ఇంకో నాణెం తీసుకునే పని కంప్యూటరు రాత చేస్తుంది. మార్చుకునే క్షణం దాకా నాణేలు మన వాలెట్‌లోనే, అంటే మన ఫోనులోంచి తెరుచుకునే మన సొంత సంచిలోనే ఉంటాయి. పుస్తకం లోకం ముందు తెరిచి ఉంటుంది. ఆ వాలెట్‌కి తాళం పన్నెండు ఇంగ్లీషు మాటలు. అవి ఎవరి దగ్గర ఉంటే సొమ్ము వారిది.

ఇది చదివినప్పుడు మా తాత కళ్లం గుర్తొచ్చింది. ధాన్యం కొలిచి రాశి పోశాక దాని చుట్టూ బూడిద ముద్ర వేసేవారు. రాశి ఆరుబయటే ఉండేది, దారిన పోయే ప్రతివాడూ చూసేవాడు. పిడికెడు తీసినా ముద్ర చెదిరి అందరికీ తెలిసిపోయేది. ముద్ర వేసే చెక్క మాత్రం మా నాయనమ్మ గుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టేది. మా తాత ధాన్యం అమ్మడానికే మిల్లుకి తోలాడు. దాచమని ఏ మిల్లువాడికీ ఇవ్వలేదు.

ముందు నా సొమ్ములోంచి రెండు వందల రూపాయల విలువ నా కొత్త వాలెట్‌కి పంపి చూశాను. నలభై సెకన్లు పట్టింది. ఫీజు మూడు రూపాయల నలభై పైసలు. ఆ తెరిచిన పుస్తకంలో నా వరస నాకు కనిపించింది. ఇరవై ఏడేళ్లు నేను రాసిన పుస్తకాలు మిల్లు వాళ్లు తప్ప ఎవరూ చూసేవారు కాదు. ఇది గేటు బయట నిలబడ్డవాడికి కూడా కనిపించే పుస్తకం. ఇంతకంటే పొగడ్త నాకు రాదు.

తరవాత ఆ అయిదుగురినీ మా వీధి అరుగు మీద కూర్చోబెట్టాను. అందులో గట్టిగా వాదించింది అంగన్‌వాడీ టీచరు. ధరలు చూసి అమ్మడం, కొనడం మా అందరిలో ఆమెకే బాగా వచ్చు.

"క్లార్కమ్మగారూ, తప్పు వాలెట్ నంబరుకి పంపేత్తే ఎవరికి ఫోన్ సెయ్యాలండి?"

"ఎవరికీ సెయ్యలేవు. పోతాది."

"ఓలమ్మా! మరదేటి మంచిదంతన్నారు?"

"జూన్‌లో గేటు మూసినప్పుడు ఎవరికి ఫోన్ సేసినావు?"

"మరమనిషికి."

"ఏటన్నాది?"

"ఓపిక పట్టమన్నాది."

"ఆ ఓపిక ఇక్కడ పట్టు. పంపే ముందు ఆ నంబరులో మొదటి ఆరు అచ్చరాలు, సివరి ఆరు అచ్చరాలు పైకి సదువు. పక్కన ఇంకో మనిషి సూడాల. ముందు వంద రూపాయలు పంపు. అవి సేరాకే మిగతావి. నీ తప్పుకి నువ్వు ఏడు, నాను ఒప్పుకుంతాను. ఎవడో గొలుసేసినందుకు మాత్రం నువ్వు ఏడవకూడదు."

ఇబ్బందులు నేను దాచలేదు. అసలు పేరుకి దగ్గర పేరుతో దొంగ నాణేలు ఉంటాయి, అసలు పేజీలా కనిపించే దొంగ పేజీలు ఉంటాయి. ధర ఎక్కడైనా పడుతుంది. రూపాయలు చెయ్యాలంటే కంపెనీ ఎక్స్ఛేంజీ గుండా ఇంకా వెళ్లక తప్పదు. కానీ గేటు దాటడం వేరు, గేటులో కాపురం పెట్టడం వేరు. పన్ను ఎగ్గొట్టే ఆలోచన ఉన్నవాళ్లు నా అరుగు ఎక్కొద్దన్నాను. లావాదేవీ జరిగిన రోజే రాయాలి, కట్టాల్సింది కట్టాలి. ఎవరికీ తల వంచకుండా నిలబడాలంటే ముందు మన పుస్తకం శుభ్రంగా ఉండాలి.

ఆగస్టు రెండో వారానికి ఆ అయిదుగురూ, నా మేనకోడలూ సొమ్ము తమ తమ వాలెట్లలోకి మార్చుకున్నారు. ఎవరి పన్నెండు మాటలు వాళ్లు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకున్నారు. ఎవరికీ చూపించకండి, ఫోటో తియ్యకండి అని చెప్పాను. అంతవరకూ నా లెక్క సరిగ్గానే ఉంది.

మర్నాడు అంగన్‌వాడీ టీచరు పోస్టు కవరు పట్టుకుని వచ్చింది. గమ్ము పెట్టి అంటించి, మడత మీద సంతకం చేసింది.

"మీ బీరువాలో ఎట్టండి. మా ఇంట్లో పిల్లగుంటలు సింపేత్తారు. మీ బీరువా అంత గట్టిది ఈ వీధిలో ఎక్కడున్నాది?"

మా వీధిలో ఇది కొత్త కాదు. పెళ్లికి ఊరెళ్లినా, కాన్పుకి ఆసుపత్రికి వెళ్లినా నగల మూట నా దగ్గర పెట్టి వెళ్తారు. ముప్ఫై ఏళ్లలో ఒక్క ఉంగరం తేడా రాలేదు. కవరు అంటించి ఉంది, నేను మాటలు చూడటం లేదు కదా అనుకున్నాను. వారంలో ఆరు కవర్లూ వచ్చాయి, నా మేనకోడలిది సహా. వాటికి ఒక రిజిస్టరు పెట్టాను. వరస నంబరు, తారీఖు, సంతకం, రిమార్కులు. కవర్లు ఇనప డబ్బాలో, డబ్బా బీరువాలో, తాళంచెవి నా నడుముకి. నిజం చెప్తున్నాను, నాకు గొప్పగా ఉండింది. ఎవరినీ నమ్మి తాళం అప్పజెప్పొద్దని అరుగు మీద బోధించినదాన్ని, ఆరుగురి నమ్మకం కట్టగట్టి బీరువాలో పెట్టుకున్నాను.

సెప్టెంబరు తొమ్మిది, మంగళవారం, విజయనగరంలో నా ఎడమ కంటికి శుక్లం తీశారు. అక్కడే ఉన్న మా చెల్లెలింట్లో శనివారం దాకా ఉండాలన్నారు. బస్సు కుదుపులు తగలకూడదు, తల వంచకూడదు, నాలుగు గంటలకోసారి చుక్కలు.

బుధవారం, అంటే పదో తారీఖు, ఉదయం పది గంటల నలభై నిమిషాలకి ఫోను వచ్చింది. నా మేనకోడలు, వేరే ఎవరిదో ఫోనులోంచి.

"అత్తా, నా ఫోను నేల తుడిసే బకెట్లో పడిపోనాది. ఎలగట్లేదు. కొత్త ఫోనులో వాలెట్ తెరవాలంటే ఆ పన్నెండు మాటలూ కావాల. గదాయన సాయంత్రం ఆరు దాకా సూత్తానన్నాడు. ఇంకెవరో కూడా వచ్చి కూకున్నారు. బీరువా తాళం ఏదీ?"

నా చెయ్యి నడుము మీదకి వెళ్లింది. తాళంచెవి అక్కడే ఉంది, రాజాంలో కాదు.

"గాబరా పడకే. నీ కవరు భద్రంగా ఉన్నాది. రెండు మూడ్రోజులు ఓపిక పట్టమని ఆయన్ని అడుగు. శనివారం నానొచ్చి తీసిత్తాను."

ఆమె నెమ్మదిగా అంది: "సొమ్ము సేమంగా ఉన్నాది, తాత్కాలికంగా ఆపినాం, సహకరించండి. అంతేనా అత్తా?"

నన్ను మిల్లులో సూపర్వైజర్లు తిట్టారు, యూనియన్ వాళ్లు తిట్టారు. ఏ తిట్టూ నాకు ఇలా తగల్లేదు. లేచి చీర సవరించుకున్నాను.

మా చెల్లెలు గుమ్మానికి అడ్డం నిలబడింది. "అక్కా, నీకు మతి పోనాదేటి? కన్ను పోతాది!"

"పోతే ఒకటి పోతాది. రెండోది ఉన్నాది."

"డాక్టరుకి ఏటి సెప్పాల?"

"గేటు తియ్యడానికి ఎల్లినాదని సెప్పు."

పదకొండున్నర బస్సు దొరికింది. కంటి మీద పట్టీ, దాని మీద నల్ల అద్దాలు. కుదుపు వచ్చినప్పుడల్లా ముందు సీటు కమ్మీ రెండు చేతులా పట్టుకుని తల నిటారుగా ఉంచాను. ఎక్కడెక్కడ ఎన్ని గుంతలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి అరవై దగ్గర వదిలేశాను. ఆ రోజు చుక్కలు రెండుసార్లు తప్పాయి. ఒంటిగంట ఇరవైకి రాజాంలో దిగాను.

నా మేనకోడలు మా గుమ్మంలోనే ఉంది. నన్ను, పట్టీని చూసి ఏడవబోయింది.

"ఏడుపు తరవాత. సంతకం సూసుకుని కవరు సింపు. నాకు సూపించకు, అటు తిరుగు."

అటు తిరిగి అరువు ఫోనులో పన్నెండు మాటలూ కొట్టింది. సొమ్ము ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఎవర్నీ అడగకుండా, ఏ కిటికీ ముందూ నిలబడకుండా, రూపాయల్లోకి మార్చడానికి వీలైన నాణెంగా మార్చుకుంది. పంపే ముందు మొదటి ఆరు, చివరి ఆరు పైకి చదివింది. నా కుడి కన్ను చూసింది. ముందు వంద, అవి చేరాక మిగతావి. కంపెనీ ఎక్స్ఛేంజీ గుండా అది వెళ్లింది గానీ అక్కడ ఆగలేదు. అయిదు గంటల అయిదు నిమిషాలకి రూపాయలు ఆమె బ్యాంకులో పడ్డాయి. అయిదూ నలభైకి అడ్వాన్సు కట్టి రసీదు తెచ్చింది. రసీదు మీద తారీఖు సరిగ్గా ఉందో లేదో చూశాను. ఉంది.

వెంటనే మిగతా అయిదుగురికీ కబురు పెట్టాను. వచ్చేసరికి డబ్బా తెరిచి కవర్లు వరసగా పెట్టాను.

"ఎవరిది వాళ్లు పట్టుకుపోండి. ఈ బీరువా మూసేసినాను."

"అదేటండీ! నానేటి తప్పు సేసినాను?" అంది అంగన్‌వాడీ టీచరు.

"తప్పు నాది. కంపెనీ గేటులోంచి తీసి నా గేటులో ఎట్టినాను. ఇవాళ నానే ఓపిక పట్టమన్నాను."

"మాకు దాసుకోడం రాదండీ."

"వందమంది గుంటల లెక్క, గుడ్ల లెక్క దాత్తన్నావు. ఒక కాగితం దాయలేవా? నాను సచ్చిపోతే ఈ తాళం ఎవడు ఎతుకుతాడే? తీసుకో. ఇంకో కాపీ రాసి ఇంకో సోట ఎట్టుకో. ఎక్కడ ఎట్టినావో నాకు మాత్రం సెప్పకు."

ఆమె మూతి తిప్పుకుని సంతకం పెట్టి కవరు జాకెట్టులో దోపుకుంది.

మరో పది రోజులకి మా మరిది కొడుకు కొత్త గది చూడటానికి వచ్చాడు. మేనకోడలు రెండో మిషను పెట్టింది, నిటారుగా నిలబడి పనిచేస్తోంది. వాడు నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"పెద్దమ్మా, కొత్త ఎక్స్ఛేంజీ వచ్చినాది. ఇది మూసీది కాదు. సేరితే నీక్కూడా మూడొందలు వస్తాయి."

"మూసీది కాదని వాళ్లు రాసిస్తారా?"

"రాసివ్వరు గానీ..."

"అయితే నువ్వే నీ సొమ్ము ఇక్కడికి తే. వాలెట్ ఎలాగ తెరవాలో నేర్పుతాను. ఫీజు నాలుగు రూపాయల లోపే. కవరు మాత్రం నాకియ్యకు."

వాడు ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆలోచించనీ. కొనేవాళ్లకీ అమ్మేవాళ్లకీ నేను చెప్పేది ఇదే. కంపెనీ ఎంత పెద్దదైనా మీ తాళం దాని దగ్గర పెట్టకండి. మీ వీధిలో అందరికంటే నమ్మకమైన ముసలిదాని దగ్గర కూడా పెట్టకండి. ఆవిడ ఎంత శుభ్రంగా లెక్క రాసినా సరే.

ఆ రిజిస్టరు ఇంకా ఉంది. ఆరు వరసలు, ప్రతి వరస చివరా తీసుకున్నట్టు సంతకం. తరవాత ఆ కాగితాలు పప్పు డబ్బాలోకి వెళ్లాయో, దిండు గలేబులోకి వెళ్లాయో నాకు తెలియదు. రిమార్కుల గడి ఆరింటికీ ఖాళీగా వదిలేశాను. నా జీవితంలో నేను కావాలని ఖాళీగా ఉంచిన గడులు ఆ ఆరే.